ట్రాన్స్ సంగీతపు రాత్రులు
ట్రాన్స్ అను నృత్యసంగీతము 1990వ దశకపు ఆరంభమున జర్మనీలో రూపుదాల్చినది. నాదము నెమ్మదిగా పెరిగి, నడుమ తాళము ఆగి, మరల విజృంభించును. ఆ నిరీక్షణయే దాని ప్రాణమని మా అభిప్రాయము.

ఇంగ్లండులో లివర్‌పూల్‌లోని క్రీమ్, షెఫీల్డులోని గేట్‌క్రాషర్ క్లబ్బులు దీనికి నిలయములు. క్రీమ్ వారపు రాత్రులు 2002లో ఆగినవి. గేట్‌క్రాషర్ భవనము 2007లో దగ్ధమైనది. అయితే క్షీణతకు అగ్నిని నిందింపరాదు. పేరుపొందిన డీజేల పారితోషికములు అంతకుముందే క్లబ్బులకు మోయరాని భారమైనవి. శ్రోతలు ఏటికొకసారి జరుగు మహోత్సవములకు తరలిరి. అచ్చట ఒక్కొక్క డీజేకు దొరకునది గంటయో, గంటన్నరయో! ఇక నిరీక్షణకు తావేది?

ఇటీవల ఒకే డీజే రాత్రియంతయు వాయించు కార్యక్రమములు కొన్ని క్లబ్బులలో జరుగుచున్నవి. ట్రాన్స్ మరల బ్రతికినచో ఇట్టి చోటులలోనే బ్రతుకునని తలంచుచున్నాము, మైదానములలో గాదు.