దొర్లినా తలకిందులు కాని బంతి



ప్రతి ఏటా ఈ సంచికలో ఫీజులు, పుస్తకాలు, వైద్య సాయం గురించి రాసుకుంటాం. ఈసారి ఒక బంతి గురించి రాయనివ్వండి. లోపల మోటార్లు, బ్యాటరీ, చిన్న కంప్యూటరు పెట్టుకొని తనంతట తానే దొర్లే రోబో ఇది. మన స్టేషన్ ఘన్‌పూర్ పిల్లలు ఫోన్లలో చూసి "ఇదెట్ల నడుస్తది సార్?" అని అడుగుతారు. నోటితో చెప్పడానికి గంట చాలు. వాళ్ల చేత చేయించాలంటే మీ సాయం కావాలి.

ఆలోచన మరీ కొత్తదేం కాదు. 13వ శతాబ్దంలో మమ్లూకుల ఏలుబడిలో పనివాళ్లు ఇత్తడితో గుండ్రటి ఊద్‌దానులు చేసేవారు. అమీర్ బద్రుద్దీన్ బైసరీ పేరున్నది ఒకటి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండు సగాలు కలిపితే బంతి. ఒళ్లంతా చిల్లులు, వెండి పొదుగు. లోపల ఒకదానిలో ఒకటి తిరిగే కడియాలు, మధ్యలో నిప్పుల గిన్నె. బంతిని ఎటు తిప్పినా గిన్నె తన బరువుతో కిందికే వేలాడుతుంది కాబట్టి నిప్పు ఒలకదు. పైడొప్ప తిరిగినా లోపలిది నిటారుగా ఉండటం అనే కిటుకు ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ పనివాళ్లకు బాగా తెలుసు. వాళ్ల దగ్గర లేనిది మోటారు ఒక్కటే.

ఇక నడక సంగతి. రోడ్డు పక్కన పడి ఉన్న పెద్ద సిమెంటు పైపులో పిల్లవాడు నడిస్తే ఏమవుతుంది? వాడు ముందుకు అడుగేసినప్పుడల్లా వాడి బరువు ముందు వైపుకు చేరుతుంది, పైపు అటే దొర్లుతుంది. వాడు మాత్రం పైపుకు అడుగునే ఉంటాడు. బంతి రోబోలో పిల్లవాడి స్థానంలో రెండు చక్రాల చిన్న బండి ఉంటుంది. ఆ బండి లోపలి గోడను ఎక్కబోతుంది, భూమి దాన్ని కిందికి లాగుతుంది, ఆ లాగుడుకే బంతి కదులుతుంది. రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగితే మలుపు.

ఎంత ఎత్తు ఎక్కగలదో లెక్క కట్టవచ్చు. బంతి వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, మొత్తం బరువు 1 కిలో అనుకోండి. అందులో బండి 600 గ్రాములు, దాని గరిమనాభి బంతి కేంద్రానికి 5 సెంటీమీటర్ల కింద ఉంది. 600ను 5తో, 1000ని 10తో గుణించి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.3 వస్తుంది. సైన్ విలువ 0.3 ఉన్న కోణం సుమారు 17 డిగ్రీలు. అంతకన్నా నిటారు వాలును ఎంత బలమైన మోటారు పెట్టినా ఎక్కలేదు. బండి లోపల గిర్రున తిరుగుతుంది గానీ బంతి వెనక్కి జారుతుంది. పదో తరగతి త్రికోణమితి ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఇలాంటి బొమ్మను అమెరికాలో స్ఫెరో సంస్థ 2011లో అమ్మకానికి తెచ్చింది. 2015లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో బంతి ఒంటి మీద తల నిలిచిన బీబీ-8 కనిపించాక, ఇంట్లోనే చేసుకునే ఔత్సాహికులు దేశదేశాల్లో బయల్దేరారు. తల పడిపోకపోవడంలో మాయ లేదు. నిటారుగా ఉండే లోపలి బండి మీద ఒక కర్ర, కర్ర చివర అయస్కాంతాలు, బయట తల అడుగున మరికొన్ని. ఆ అయస్కాంతాలు చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర మొదటి బంతికి తల వద్దనే అంటాను.

ఇంకో రకం ఉంది: బంతి కింద, దాని మీద రోబో. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ హోలిస్ 2005లో చేశారు. బరువంతా పైన ఉంటుంది కాబట్టి అది అరచేతిలో చీపురు నిలబెట్టడం లాంటిది. అది తర్వాతి మెట్టు.

తయారీకి రెండు ప్లాస్టిక్ లేదా అక్రిలిక్ అర్ధగోళాలు కావాలి. స్టీలు గిన్నెలు పనికిరావు, బ్లూటూత్ సంకేతం లోపలికి చేరదు. రెండు గేర్ మోటార్లు, వాటిని నడిపే డ్రైవరు బోర్డు, ఒక ఆర్డ్యునో, ఫోనుతో నడపడానికి బ్లూటూత్ ముక్క, బ్యాటరీ. చక్రం వ్యాసం 6.5 సెంటీమీటర్లై నిమిషానికి 100 చుట్లు తిరిగితే బంతి సెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. ఇంట్లోకి అది చాలు. బ్యాటరీని వీలైనంత అడుగున కట్టాలి, చాలకపోతే ఇనుప నట్లు చేర్చాలి. చక్రాలు జారితే రబ్బరు బ్యాండు చుట్టాలి. మూసిన బంతిలో వేడి బయటికి పోదు కాబట్టి లిథియం బ్యాటరీని బయటికి తీసి, పెద్దవాళ్ల కళ్ల ముందే చార్జి చేయాలి.

మోటారు వేయకముందే ఒక పరీక్ష. బంతి పైభాగాన సుద్దతో గుర్తు పెట్టి చదునైన గచ్చు మీద ఊపి వదలండి. ఆగినప్పుడల్లా గుర్తు పైకే రావాలి. పక్కకు వాలితే లోపల బరువు ఒకవైపు ఎక్కువైందన్నమాట. చాలామంది ఇది చేయకుండానే ప్రోగ్రాము తప్పని రోజులు గడుపుతారు.

అసలు చిక్కు ఆపేటప్పుడు వస్తుంది. మోటారు ఆగినా బంతి ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును చంపడానికి ఎంపీయూ-6050 అనే సెన్సరు పెడతారు. అందులో తిరిగే వేగం చూసే గైరో ఉంది, కింద ఎటో చూపే త్వరణమాపకం ఉంది. గైరో చురుకైనదే గాని సేపు గడిచేకొద్దీ దారి తప్పుతుంది. రెండోది దారి తప్పదు గాని ప్రతి అదురుకూ బెదురుతుంది. అందుకని మొదటి మాటకు 98 పాళ్లు, రెండో మాటకు 2 పాళ్లు విలువ ఇచ్చి కలుపుతారు. ఎంత వాలింది, ఎంత జోరుగా వాలుతోంది అన్న రెండింటినీ చూసి మోటారుకు ఎదురు నెట్టు ఇస్తారు. నెట్టు తక్కువైతే ఊపు ఆగదు, ఎక్కువైతే బంతి వణుకుతుంది. సరైన అంకెలు పుస్తకంలో దొరకవు, నేల మీద పదేపదే దొర్లించి పట్టుకోవాలి. మధ్యలో ఒకటో రెండో మోటార్లు కాలుతాయి. ఆ కాలిన మోటారు ఖర్చుకే మన పిల్లలు భయపడతారు. ఇంట్లో ఉన్న డబ్బు అలాంటిది.

ప్రభుత్వ అటల్ టింకరింగ్ ల్యాబు పథకంలో ఎంపికైన పాఠశాలకు రూ.20 లక్షల వరకు గ్రాంటు ఉంటుంది. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో పెద్ద యంత్రాలున్నాయి. మనకు అంత అక్కర్లేదు. ఒక సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, రెండు బంతులకు సరిపడా సామాను, కాలిపోవడానికని లెక్కలో ముందే రాసుకున్న నాలుగు మోటార్లు ఉన్న పెట్టె చాలు.

జకాత్ ఇచ్చేవారికి ఒక మాట. ఆ సొమ్ము అర్హుల సొంతానికి చేరాలని మన హనఫీ ఉలమా చెబుతారు కనుక, అందరూ వాడే ఈ పెట్టెకు జకాత్ పద్దు ముట్టుకోకూడదు. సదఖా, లిల్లాహ్ సొమ్ముతోనే కొనాలి; రశీదు మీద ఆ మాట రాయించండి. పెట్టె ఆదివారం జుహర్ తర్వాత తెరవవచ్చు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, ఆడపిల్లలకు వేరే పూట పెట్టాలా, వాళ్ల దగ్గర కూర్చునే టీచరమ్మ ఎవరు అన్నవి వచ్చే సమావేశంలో తేల్చుకోవాల్సినవి.