రూపాయి లెక్క ఆపండి, కిలో లెక్క చూడండి

జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నారా? వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోలు నెలకు 992 చొప్పున మీ చేతికొస్తాయి. అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలిన దాంట్లోనే తిండి. ఆ డబ్బుతోనే కడుపునిండా, రుచిగా తినొచ్చు. మీరూ తినగలరు.

ముందు మైండ్‌సెట్ మార్చండి. షాపులో ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చూడటం ఈరోజే మానేయండి. క్యాబేజీ చేతిలో పట్టుకుని ‘మా ఊళ్లో ఇందులో సగం కూడా ఉండదు’ అనుకుంటే కూరగాయలు కొనరు. రాత్రికి ఆకలేసి డోనర్ కబాబ్ షాపుకి పరిగెడతారు. ఆ ఒక్క డోనర్ ఖర్చుతో రెండు రోజుల పప్పూ కూరా వచ్చేవి!

జర్మనీ షాపుల్లో ధర పక్కనే చిన్న అక్షరాల్లో కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని రాసి ఉంటుంది. దాన్ని గ్రుండ్‌ప్రైస్ అంటారు. మీ కళ్లు ముందు అక్కడికే వెళ్లాలి. పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదని అదే చెబుతుంది.

ఇక ఏది ఎక్కడ కొనాలో చూద్దాం.

1. ముందు ఆల్డి, లిడ్ల్ లాంటి చవక సూపర్‌మార్కెట్లు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుడ్లు, పాలు, పెరుగు అక్కడే. ఫ్రోజెన్ పాలకూర తీసుకునేటప్పుడు ‘బ్లాట్‌స్పినాట్’ అని ఉందో లేదో చూడండి. ‘రామ్‌స్పినాట్’లో క్రీమ్ కలుపుతారు, పప్పులోకి పనికిరాదు.

2. తర్వాత టర్కిష్ షాపు. అక్కడ ‘రోటె లిన్‌జెన్’ అంటే మన మైసూరు పప్పే. కుక్కర్ అక్కర్లేదు, మామూలు గిన్నెలో ఇరవై నిమిషాల్లోపే మెత్తగా ఉడుకుతుంది. టమాటా వేయండి, పాలకూర వేయండి. వారమంతా ఇదే మీకు అండ.

3. ఇండియన్ స్టోర్ చివర్లో. ఇంగువ, చింతపండు, ఆవాలు. అంతే!

ఆదివారం దాదాపు షాపులన్నీ మూసేస్తారు. దీన్ని మీకు అనుకూలంగా వాడుకోండి. శనివారం లిస్టు రాసుకుని, తిన్నాకే షాపుకెళ్లండి. ఆదివారం పులిహోర పులుసు ఉడికించి సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వారం మధ్యలో లైబ్రరీ నుంచి అలసిపోయి వచ్చిన రోజు అన్నం ఒక్కటి వండుకుంటే చాలు.

నీళ్ల బాటిళ్లు కొనకండి, ట్యాప్ నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఎప్పుడైనా డ్రింక్ కొంటే ఖాళీ బాటిల్ పారేయొద్దు. చాలా ప్లాస్టిక్ బాటిళ్లకు 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లోని మెషీన్‌లో వేయండి, వచ్చిన రసీదు కౌంటర్‌లో ఇవ్వండి. అది మీ డబ్బే.

రూమ్మేట్స్ ఉన్నారా? ఈ రాత్రే కూర్చుని వంట వంతులు వేసుకోండి. మొదటి వంతు మీరే తీసుకోండి.