ఇంటికి వచ్చిన అంగడి

పూర్వము దివిసీమనుండి పెండ్లిబట్టలకై విజయవాడ వచ్చువారు అంగడిలో చాపపై కూర్చుండి, బట్టను వ్రేళ్లతో తడవి, రంగును వెలుతురునకు పట్టి చూచి, బేరమాడి కొనెడివారు. నేడు అంగడియే ఫోనులో ఇమిడి ఇంటికి వచ్చినది. ఈ ఆన్‌లైను కొనుగోలులో వస్తువు కంటికి బొమ్మగా కనబడునేగాని చేతికి తగులదు. కావున పూర్వము వ్రేళ్లు చేసిన పరీక్షను ఇపుడు చదువు చేయవలసి యున్నది.

అందరి చదువును ఒక్కతీరుగా నుండదు. 2011 జనాభా లెక్కలనుబట్టి నాటి కృష్ణా జిల్లాలో ఏడేండ్లు నిండినవారియందు నూటికి సుమారు 74 మంది అక్షరాస్యులు. తక్కినవారికి ఫోనులోని అంగడి యనిన జంకు. వస్తువు గుమ్మము చేరిన పిమ్మటనే రొక్క మిత్తుమందురు. ఇది అవివేకము కాదు. నియమములను చదువలేనివానికి అదియే రక్ష. కొలదిగా చదివినవారు పెద్ద అక్షరములలోని తగ్గింపు ధరను చూచి సంతసింతురు. క్రిందనున్న చిన్న అక్షరములను విడిచిపెట్టుదురు. ఉన్నతవిద్య నభ్యసించినవారు నాలుగుచోట్ల వెలలను పోల్చి, ఇతరుల అభిప్రాయములను చదివి, ధైర్యముగా కొందురు. కాని “నన్నెవడు మోసగింపగల”డను అతిశయముచే వారును ఒక్కొక్కపుడు నష్టపడుదురు.

పెడన కలంకారి వస్త్రమునే చూడుడు. అచట బట్టను కరక్కాయ నీటిలో ముంచి, కొయ్య అచ్చులతో, సహజమైన రంగులతో అద్దుదురు. యంత్రముపై ముద్రించిన బట్టయు బొమ్మలో అట్లే కనబడును. అచ్చువేయు కార్మికురాలు బడిచదువు లేనిదైనను ఆ బట్ట చేతికి వచ్చినంతనే భేదమును గుర్తించును. పట్టభద్రుడు గుర్తింపలేకపోవచ్చును. అయినను, “చేతి అచ్చు” అని వ్రాసిరా, “కలంకారి నమూనా” అని మాత్రమే వ్రాసిరా యని చదివి చూచినచో అతడును చాలవరకు మోసపోకుండును.

చదువు వలని రెండవ ప్రయోజనము హక్కుల నెరుగుట. 1986లో మనదేశమున వినియోగదారుల రక్షణ చట్టము వెలసెను. దాని స్థానమున 2019లో చేసిన క్రొత్తచట్టము 2020 జులైలో అమలులోనికి వచ్చెను. ఆ నెలలోనే ఆన్‌లైను వర్తకమునకు ప్రత్యేక నియమములు ప్రకటింపబడెను. వీనినిబట్టి, వస్తువును తిరిగి పుచ్చుకొను షరతులను, అది తయారైన దేశమును కొనువానికి తెలుపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అమ్మినవాడు ఎంత దూరముననున్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని కమిషను నెదుటనే ఫిర్యాదు చేయవచ్చును. సొమ్ము తిరిగి యిత్తుమని పలికి రహస్య పిన్ను సంఖ్య నడుగువాడు వంచకుడు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్నుతో పనిలేదు. సొమ్ము పోయినచో తక్షణమే 1930కు తెలుపవలెను.

బాలబాలికలారా! ఒక్క తప్పు మీటతో ఒక పంట రాబడి పోవచ్చును. మీ నాయనమ్మ ఫోను మీ చేతికిచ్చి “చూడు నాయనా” అనినపుడు వెల మాత్రమే చెప్పి యూరకుండకుడు. నియమములను కూడ బిగ్గరగా చదివి, అర్థము చెప్పుడు. ఆమె నమ్ముకొన్నది మీ చదువునే.