పిలుపు వినపడనివారి వెంట వెళ్ళేదెవరు?



మార్కు సువిశేషము 7వ అధ్యాయంలో యేసు ప్రభువు చెవుడు, నత్తి ఉన్న ఒక మనిషిని స్వస్థపరచిన ఘట్టం మనకు తెలిసినదే. జ్ఞానస్నానంలో గురువు బిడ్డ చెవులను, నోటిని తాకి ప్రార్థించే ఆచారం అక్కడినుండి వచ్చినదే. అయితే అందులో మనం అంతగా గమనించని సంగతి ఒకటున్నది. అతడు తనంతట తాను రాలేదు. ఎవరో కొందరు అతనిని వెంటబెట్టుకొని వచ్చి, అతని తరఫున ప్రభువును వేడుకొన్నారు. వారి పేర్లు సువిశేషంలో లేవు. ఈ వారం ఆ పేరులేనివారిని గురించే వ్రాయదలచాను.

మా విచారణలో రాళ్ళ క్రషర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి వినికిడి పోగొట్టుకొన్న సోదరుడొకరున్నారు. సదరం పరీక్షకు ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళారు. ఉదయం నుండి బల్లమీద కూర్చున్నారు. మధ్యాహ్నం ఆయన పేరు రెండుసార్లు పిలిచారట. ఆయనకు వినపడలేదు. గైర్హాజరు అని వ్రాసి తర్వాతివారిని పిలిచారు. పేరు పిలిచామన్న మాట నిజమే. అక్కడే కూర్చున్నానన్న ఈయన మాటా నిజమే. చెవుడు ఉన్నదని చూపించుకోవడానికి వెళ్ళిన మనిషి చెవుడు వల్లనే తిరిగి వచ్చారు!

"మళ్ళీ వెళ్ళను ఫాదర్, ఆ భిక్షం మనకెందుకులెండి" అన్నారు.

అది భిక్షం కాదు. ఎవరికి చెందవలసినది వారికి చెందజేయాలన్న స్థిర సంకల్పమే న్యాయమని పునీత అక్వినాసు తోమాసుగారి బోధ. దానం ఇచ్చేవారి ఇష్టం. న్యాయం పొందేవారి హక్కు. 2016లో వచ్చిన దివ్యాంగుల చట్టం పేరులోనే 'హక్కులు' అన్న మాట ఉన్నది.

ఆ చట్టం ప్రకారం రెండు చెవులలోను, మాటలు వినే స్థాయిలో, 70 డెసిబెల్స్ నష్టం ఉంటే చెవుడు; 60 నుండి 70 వరకు ఉంటే మంద వినికిడి. సర్టిఫికెట్టులో వైకల్యం 40 శాతమో అంతకు మించియో ఉంటేనే ముఖ్యమైన సదుపాయాలు వర్తిస్తాయి. ఆ శాతం లెక్క తెలుసుకోండి. మెరుగైన చెవి శాతాన్ని 5తో హెచ్చించి, రెండవ చెవి శాతాన్ని కలిపి, 6తో భాగిస్తారు. కనుక ఒక చెవి పూర్తిగా పోయి, రెండవది బాగా ఉంటే వచ్చేది సుమారు 17 శాతమే. ఇది తెలియక డాక్టరు అన్యాయం చేశాడని నిందించేవారున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో సదరం స్లాటు ఊరి సచివాలయంలోగాని, మీ సేవలోగాని తీసుకోవచ్చు. ఆధార్ తీసుకువెళ్ళండి. చెవిలో చీము, గుబిలి ఉంటే ముందుగానే వైద్యం చేయించుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడు చేయి ఎత్తమంటారు. వినపడినా ఎత్తకుండా కూర్చుంటే శాతం పెరుగుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అది ఎనిమిదవ దేవాజ్ఞకు విరుద్ధం. పైగా అనుమానం వస్తే చేసే బెరా పరీక్షలో మనిషి చేయి ఎత్తనవసరం లేదు; నాడి స్పందనే జవాబు చెబుతుంది. 2025లో రాష్ట్రంలో వైకల్య పింఛనుదారులను తిరిగి పరీక్షించారు. ఒకరి అబద్ధం వల్ల నిజమైన బాధితులు పదిమంది అనుమానపు చూపులు భరించవలసి వస్తుంది.

అర్హులకు ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి పింఛను నెలకు 6,000 రూపాయలు. కుటుంబ ఆదాయం వగైరా నిబంధనలు కూడా చూస్తారు. కేంద్రం నడిపే ఎడిప్ పథకం క్రింద పేదలకు వినికిడి యంత్రం ఉచితం. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో దివ్యాంగులందరికీ కలిపి 5 శాతం సీట్లు; ప్రభుత్వ ఉద్యోగాలలో వినికిడి లోపమున్నవారికే 1 శాతం. తల్లిదండ్రులారా! పసిబిడ్డ శబ్దానికి తల తిప్పకపోతే, మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని ఊరుకోవద్దు. కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సకు ప్రభుత్వ సాయం పసి వయసులోనే దొరుకుతుంది.

ఇక నా తప్పు ఒప్పుకోవాలి. ఆ సదరం శిబిరం తేదీని ఆదివారం పూజ తరువాత ప్రకటనలలో నేనే చదివాను, నా బాధ్యత తీరిందనుకొన్నాను. వినపడనివారికి నోటితో చెప్పాను! ఇప్పుడు గుడి తలుపుకు పెద్ద అక్షరాలతో వ్రాసి అంటిస్తున్నాము. రెండవసారి ఆ సోదరునితో మా ఉపదేశిగారు వెళ్ళారు. "ఈయనకు వినపడదు, పేరు వచ్చినప్పుడు చేయి ఊపండి" అని కాగితం వ్రాసి కౌంటరులో ఇచ్చారు. పరీక్ష జరిగింది.

మీ వీధిలో అలాంటివారు ఎవరున్నారు? వారి వెంట ఒక పూట ఆసుపత్రికి వెళ్ళగలరా? సువిశేషంలోని ఆ పేరులేనివారు చేసినది అంతే. స్వస్థత ప్రభువు పని. వెంటబెట్టుకొని వెళ్ళడం మన పని.