డెబ్బై రోజుల పాపకు టైంటేబుల్

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, నారాయణగూడ నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

మొన్న ఆదివారం మీ ఇంటికి వచ్చినప్పుడు ఫ్రిజ్ పక్కన గోడకి అతికించిన కాగితం చూశాను. ఆరింటికి పాలు, ఆరున్నరకి నిద్ర, ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి మళ్లీ పాలు... రాత్రి పదకొండు దాకా గళ్లు గీసి రెండు రంగుల స్కెచ్‌పెన్నులతో రాశావు. పన్నెండింటి పాలకి ఇంకా ఇరవై నిమిషాలు ఉందనగా పాప గుక్కపట్టి ఏడ్చింది. నువ్వు దాన్ని భుజాన వేసుకుని, గడియారం వంక చూస్తూ హాల్లో అటూ ఇటూ తిరిగావు. నీ జాకెట్టు పాలతో తడిసిపోయింది. అప్పుడే చెబుదామనుకున్నాను. మీ అత్తగారి ఎదుట నీకు పాఠం చెప్పినట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఫోనులో చెబుదామంటే సగంలో పాప లేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు రెండుసార్లు చదువుకో.

నాలుగేళ్లు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదివినదానివి. అక్కడ ప్రతి గది గోడ మీదా ఇలాంటి కాగితమే ఉంటుంది. పాలిటీకి రెండు గంటలు, ఎకానమీకి గంటన్నర. పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పరిగెత్తి చోటు పట్టుకునేదానివి. ఆ క్రమమే నిన్ను నిలబెట్టింది, కాదనను. కానీ ఆ కాగితం ప్రకారం నడిచింది పాతికేళ్ల మనిషి. ఇది డెబ్బై రోజుల పిల్ల. దాని పొట్ట దాని పిడికిలంత.

మీ అక్క 1979లో పుట్టింది. ప్రసవమైన నర్సింగ్‌హోమ్‌లో నాలుగు గంటలకోసారే పాలివ్వాలి, రాత్రి పది దాటితే ఇవ్వకూడదు అని చెప్పి పంపారు. నేను అక్షరం తప్పకుండా పాటించాను. అర్ధరాత్రి పిల్ల ఏడిస్తే పక్కవాటా వాళ్లు వచ్చి తలుపు కొట్టేవాళ్లు. నెల తిరిగేసరికి పిల్ల బరువు పుట్టినప్పటంతే ఉంది. నాకు పాలు తగ్గిపోయాయి. పాలు చాలడం లేదని డబ్బాపాలు తెప్పించారు. అప్పుడు మీ అమ్మమ్మ ఊరి నుంచి దిగింది. నా మంచం పక్కన కూర్చుని, "పిల్లకి ఆకలేస్తే గడియారాన్ని అడుగుతావేమిటే?" అంది. ఆ రోజు నుంచి పది రోజులు పిల్లని ఒళ్లోంచి దించలేదు. ఎప్పుడు నోరు తెరిస్తే అప్పుడు ఇచ్చాను. పాలు మళ్లీ పడ్డాయి, పిల్ల తేరుకుంది. కానీ ఆ నెల రోజులు అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నువ్వు అదే దారిలో అడుగు పెడుతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఆ నాలుగు గంటల లెక్క ఎక్కడిదో చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. న్యూజిలాండ్‌లో ట్రూబీ కింగ్ అనే డాక్టరు ఉండేవాడు. 1907లో తల్లుల కోసం ఒక సంఘం స్థాపించి, నాలుగు గంటలకోసారి పాలు, రాత్రి అసలు వద్దు, ఊరికే ఎత్తుకోవద్దు అని గట్టిగా ప్రచారం చేశాడు. శుభ్రత గురించి ఆయన చెప్పినవి మంచివే. పాల లెక్క మాత్రం తల్లి ఒంటికి సరిపడేది కాదు. పిల్ల ఎంత తాగితే రొమ్ములో అంత తయారవుతుంది. నిండిన రొమ్ముని ఆపి ఉంచితే, ఇక్కడ అవసరం లేదనుకుని ఒళ్లే తగ్గించేస్తుంది. ఈ వయసు పిల్లకి రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు కావాలి. ఒక్కోసారి గంటకే అడుగుతుంది, ఒక్కోసారి మూడు గంటలు అడగదు. చాలుతున్నాయా లేదా అన్నది గడియారం చెప్పదు. రోజుకి ఆరు గుడ్డలైనా బాగా తడుస్తున్నాయా, నెలనెలా బరువు పెరుగుతోందా, అవి చూసుకో.

అలాగని క్రమం వద్దనడం లేదు తల్లీ. క్రమం వస్తుంది, వేరే వైపు నుంచి వస్తుంది. పుట్టిన పిల్లకి పగలూ రాత్రీ తేడా తెలియదు. రోజులో పద్నాలుగు నుంచి పదిహేడు గంటలు ముక్కలు ముక్కలుగా నిద్రపోతుంది. రెండో నెల దాటాక, మూడు నాలుగు నెలల మధ్యలో, దాని ఒంట్లో సొంత గడియారం మొదలవుతుంది. దాన్ని తిప్పేవి వెలుతురూ చీకటీ. రాత్రిపూట నీ పాలలో మెలటోనిన్ అనే నిద్ర హార్మోను కూడా ఎక్కువగా ఉంటుంది. అందుకని ఇప్పుడు నువ్వు గట్టిగా పట్టుకోవలసినవి రెండే: పొద్దున వెలుతురు, సాయంత్రం చీకటి. మధ్యలోవి దాని ఇష్టానికి వదిలెయ్.

పొద్దున ఆరున్నర ప్రాంతంలో కర్టెన్లు తీసి పాపని బాల్కనీలోకి తీసుకెళ్లు. ఎండలో పెట్టనక్కర్లేదు, వెలుగు తగిలితే చాలు. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చే మీ అత్తగారు తీర్థం ఇచ్చి పాపతో నాలుగు మాటలు మాట్లాడే వేళ కూడా అదే కదా. తీర్థం నీకే, పాపకి వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లయినా అక్కర్లేదు, ఎంత ఎండాకాలమైనా సరే. పగలు నిద్రపోతుంటే ఇల్లంతా గప్‌చుప్ చేయొద్దు. మిక్సీ తిరగనీ, హారన్లు మోగనీ. పగలంటే ఇలా ఉంటుందని దానికి తెలియాలి.

రాత్రి సంగతే మీ వీధిలో కష్టం. పన్నెండయినా స్టడీహాళ్ల నుంచి పిల్లలు వస్తూనే ఉంటారు, టీ బండ్ల దగ్గర ప్రశ్నపత్రాల చర్చలు, బైకులు. వాళ్లని తప్పు పట్టను, నువ్వూ వాళ్లలో ఒకదానివే. మంచం వీధివైపు గదిలోంచి వెనక గదిలోకి మార్చు. ఎనిమిది దాటాక పెద్ద లైట్లు ఆర్పేసి చిన్న బల్బు ఉంచు. రాత్రి పాలిచ్చేటప్పుడు మాటలు, ఆటలు, ఫోను వెలుగు వద్దు. తాగించు, భుజాన వేసి త్రేన్పు రానివ్వు, వెల్లకిలా పడుకోబెట్టు. తల గుండ్రంగా వస్తుందని మీ చిన్నత్త ఇచ్చిన ఆవాల దిండు తీసెయ్. ఆ వయసులో ఏ దిండూ ఊపిరికి మంచిది కాదు.

స్నానం గురించి నువ్వు అనవసరంగా నలిగిపోతున్నావు. మీకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు లేని రోజు కూడా ఎనిమిదింటికే కావాలని మీ ఆయన మీద కోప్పడ్డావట. పిల్లకి రోజూ తలంటు అవసరం లేదు. నీళ్లు లేనిరోజు తడిగుడ్డతో మెడ ముడతలు, చంకలు, తొడల సందులు తుడిస్తే చాలు. నీళ్లు పోసే ఆవిణ్ణి సాయంత్రం ఐదున్నరకి రమ్మను. కాళ్లు చాపుకుని పిల్లని వాటి మీద వేసుకుని గోరువెచ్చటి నీళ్లు పోయడం మన వాళ్ల చేతిలో ఉన్న గొప్ప విద్య, అది పోనివ్వకు. ఆ స్నానం తర్వాత పాలు, పాల తర్వాత చీకటిగది: నెల రోజులు ఇదే వరస నడిస్తే స్నానపు చెంబు చప్పుడుకే పిల్ల నిద్రకి సిద్ధమవుతుంది. కానీ ముక్కులో ఊదడం, చెవుల్లో నూనె పోయడం, గదినిండా సాంబ్రాణి పొగ, కళ్లకి కాటుక, నాలుకకి తేనె ఒప్పుకోవద్దు. పెద్దమ్మ వద్దందని నా పేరు చెప్పు.

సాయంత్రాలు ఊరికే ఏడుస్తోందని అన్నావు. ఆరువారాల వయసులో అది ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. నీ తప్పు కాదు, పాల తప్పూ కాదు. ఆ వేళ మీ ఆయన ఎత్తుకుని తిరగాలి. ఇద్దరికీ సహనం పోయినప్పుడు పాపని మంచం మధ్యలో కాక ఉయ్యాలతొట్టిలో భద్రంగా పడుకోబెట్టి రెండు నిమిషాలు వరండాలోకి వెళ్లండి. ఎంత కోపం వచ్చినా పిల్లని పట్టి ఊపకూడదు. ఒళ్లు కాలుతుంటే, థర్మామీటరులో 100.4 గానీ అంతకు మించి గానీ ఉంటే, పాలు తాగకుండా మగతగా ఉంటే మాత్రం ఇంట్లో ఎవరి సలహా వినకు, నా సలహా కూడా. నేరుగా ఆసుపత్రికి. 1953 నుంచి తల్లుల కోసం, పిల్లల కోసం ఉన్న నీలోఫర్ మనకి దగ్గరే. పదివారాల టీకా ఈ బుధవారం కదా, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కాస్త వెచ్చబడొచ్చు, ఎంతదాకా చూడాలో నర్సుని అడిగి తెలుసుకో.

ఇక అసలు సంగతి. ఆ కాగితం పాప కోసం రాసింది కాదని నాకు తెలుసు. మూడో నెల పడగానే పుట్టింటి నుంచి వచ్చేశావంటే చదువు కోసమే. రోజు మొత్తం పాల కింద, గుడ్డల కింద కరిగిపోతుంటే, నీకంటూ రెండు గంటలు మిగలవేమోనని నీ భయం. ఆ భయం న్యాయమైనదే. మా రోజుల్లో మాకు అలా అడిగే హక్కు ఉందని కూడా తెలియలేదు. కానీ ఆ రెండు గంటలు పిల్ల పొట్టలోంచి తీయకూడదు. మా దగ్గర్నుంచి తీసుకో. టైంటేబుల్ మాకు రాయి.

2020లో మెట్రో వచ్చాక నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి ఒక్క స్టేషనే. నా మోకాళ్లకి అదేమీ కష్టం కాదు. సోమవారం నుంచి రోజూ రెండింటికి వచ్చి నాలుగున్నర దాకా ఉంటాను. పొద్దున వెలుతురు మీ అత్తగారిది, సాయంత్రం ఏడుపు మీ ఆయనది. నువ్వు వెళ్లేముందు పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టు, నాలుగు రోజుల దాకా నిలవుంటాయి. మీ అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నె నా దగ్గరుంది, మరిగించి తెస్తాను. పాలు గోరువెచ్చ చేసి దాంతో తాగిస్తాను. సీసా అక్కర్లేదు. పొద్దున లేవగానే కారణం లేకుండా ఏడుపొస్తుంటే, రెండు వారాలైనా తగ్గకపోతే, దాచుకోకుండా నాకు చెప్పు. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళదాం.

గోడ మీది కాగితం చింపొద్దు. తిరగేసి, వెనక వైపు మా ముగ్గురి పేర్లూ రాసి పెట్టు. లైబ్రరీ కార్డు ఎక్కడుందో ఆదివారమే వెతికి ఉంచుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ