పిల్లల కలానికి రెండు బాధ్యతలు



దివ్యఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరా(27)లో హజ్రత్ సులైమాన్ (అ) వృత్తాంతం మన ఇళ్లలో పిల్లలందరూ విన్నదే. హుద్‌హుద్ పక్షి సబా దేశం నుండి వార్త తెచ్చింది. అక్కడ ఎవరు పాలిస్తున్నారో, ప్రజలు దేనికి సాష్టాంగపడుతున్నారో చెప్పింది. సులైమాన్ (అ) ఆ మాటను వెంటనే నమ్మలేదు. నిజమో అబద్ధమో చూస్తానన్నారు. ఆ తర్వాత ఆ పక్షి ద్వారానే రాణికి ఒక లేఖ పంపారు. అల్లాహ్ పేరుతో మొదలైన ఆ చిన్న లేఖ అందగానే రాణి తన సర్దారులను సమావేశపరచింది.

పక్షి చేసిన పని సమాచారం అందించడం. లేఖ చేసిన పని ఆలోచింపజేసి ఒప్పించడం. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు మనం నేర్పవలసిన రాతలు కూడా ఈ రెండే.

సమాచారం రాయడం

మల్లాపూర్ మండలంలోని పిల్లవాడికి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గురించి పది వాక్యాలు రాయమనండి. అది 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికి మల్లాపూర్ కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా ఏర్పడింది. ఇవి పుస్తకంలో దొరికే సంగతులు. ఇంటి దగ్గర చెరకు పండించిన పెద్దలుంటే, బండి కట్టుకొని ఎప్పుడు బయలుదేరేవారో, ఇప్పుడు ఏ పంట వేస్తున్నారో పిల్లవాడే వెళ్లి అడగాలి.

రాశాక ప్రతి వాక్యం పక్కన 'చూశాను', 'విన్నాను', 'చదివాను' అనే మాటల్లో ఒకటి పెట్టించండి. ఏదీ పెట్టలేని వాక్యాన్ని కొట్టివేయాలి. తెలియని దాని వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నీ ప్రశ్నించబడతాయని బనీ ఇస్రాయీల్ సూరా(17) హెచ్చరిస్తున్నది కదా! సెల్‌ఫోన్‌లో వచ్చిన ప్రతి కబురునూ ముందుకు పంపే ఈ రోజుల్లో ఈ అలవాటు పిల్లలకే కాదు, మనకూ అవసరం.

ఒప్పించేలా రాయడం

బడి గేటు ముందు వాననీరు నిలుస్తున్నదనుకోండి. 'మీరు పట్టించుకోవడం లేదు' అని సర్పంచ్‌కు రాస్తే అది నింద అవుతుంది. 'వాన పడిన రోజు మా తరగతిలో ఆరుగురు చెప్పులు చేతబట్టుకొని వచ్చారు. ఒకరు జారిపడ్డారు. రెండు ట్రాక్టర్ల మొరం పోయిస్తే దారి బాగుపడుతుంది' అని రాస్తే అది విన్నపం అవుతుంది. ఎవరికి రాస్తున్నాం, ఏం కోరుతున్నాం, ఎందుకు కోరుతున్నాం, వారికున్న ఇబ్బంది ఏమిటి - ఈ నాలుగూ పిల్లవాడు ముందుగా నోటితో చెప్పాలి. వివేకంతో, మంచి హితవుతో పిలవమన్న నహ్ల్ సూరా(16) బోధ ఇక్కడా వర్తిస్తుంది.

నేను చేసిన తప్పు

నా పదకొండో ఏట మద్రసాలో ఉర్దూ రాయడం నేర్చుకుంటున్నాను. బీడీలు చుట్టే పొరుగింటి ఖాలా దుబాయిలో ఉన్న భర్తకు నా చేత ఉత్తరం రాయించింది. అత్తగారికి జ్వరం వచ్చింది, డబ్బు పంపమని రాయమంది. నా రాత గొప్పగా ఉండాలని 'అమ్మ మిమ్మల్ని చూడకుండానే కన్నుమూసేలా ఉంది' అని ఒక వాక్యం కలిపాను.

ఆయన అప్పు చేసి టికెట్ కొనుక్కొని వచ్చేశారు. వచ్చేసరికి ఆ తల్లి మంచం మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. అంతా తెలిశాక ఆయన నన్ను తిట్టలేదు. 'నీ రాత బాగుంది బేటా' అన్నారు, అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. నా వాక్యం ఒప్పించింది. కానీ దానిలో నిజం లేదు.

తల్లులకు ఒక మాట

'మాకు తెలుగు చదవడం రాదు, ఎలా నేర్పగలం?' అని కొందరు తల్లులు అడుగుతారు. పిల్లవాడిని ముందు ఇంటి భాషలో చెప్పనివ్వండి, ఆ తర్వాత తెలుగులో రాయనివ్వండి. రాసింది పైకి చదివించుకోండి. ప్రతి వాక్యానికీ 'నీకెలా తెలుసు?' అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు చెప్పలేకపోతే ఆ వాక్యం మళ్లీ రాయవలసిందే. దీనికి చదువు అక్కర్లేదు, వారానికి ఒక అరగంట చాలు.

అల్లాహ్ మన పిల్లల కలాలకు సత్యాన్నీ, సౌమ్యతనూ ప్రసాదించుగాక! ఆమీన్.