ఫ్యాన్ మూడో వేగంలోనే తిరుగుతోందా? పాత కారు రెసిస్టర్ చెప్పే పాఠం

రాయ్‌పూర్ నగరంలోని మోవాలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం సంక్రాంతికి తమ పాత కారులో విజయనగరం బయలుదేరిందనుకుందాం. ధమ్తరి, కాంకేర్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా సాగే ఈ దారిని ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు. తెల్లవారుజామున సాలూరు వైపు ఘాట్ దిగుతుంటే బయట చలి, పొగమంచు. కారులో ఉన్న నలుగురి ఊపిరిలోని తేమ చల్లని ముందు అద్దానికి తగిలి, లోపలివైపు సన్నని నీటి పొరగా మారుతుంది. దారి కనిపించాలంటే ఆ పొర పోవాలి. హీటర్ ఫ్యాన్ పంపే వెచ్చని గాలి చేసే పని అదే.

సరిగ్గా అప్పుడు ఫ్యాన్ మీట 1 మీద పెడితే కదలిక లేదు. 2 మీద పెట్టినా లేదు. 3 మీద పెడితే మాత్రం హోరుమని తిరుగుతోంది. మోటారు పాడైందని చాలామంది అనుకుంటారు. కానీ పూర్తి వేగంలో తిరుగుతోందంటే మోటారుకు కరెంటు అందుతోందనే అర్థం. అసలు లోపం సాధారణంగా ఫ్యాన్ వేగాన్ని తగ్గించే చిన్న భాగంలో, అంటే రెసిస్టర్‌లో ఉంటుంది.

వేగం ఎలా తగ్గుతుంది?

మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లకు పూర్వం ఉండే పెద్ద రెగ్యులేటర్లు గుర్తున్నాయా? ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వాటి మీద చెయ్యి పెడితే వేడిగా తగిలేవి. కారులోని రెసిస్టర్ పనిచేసేదీ ఆ పద్ధతిలోనే. కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే తీగచుట్టలను మోటారుకు వరుసలో కలుపుతారు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులలో కొంత భాగం ఆ చుట్టల దగ్గరే ఖర్చవుతుంది. మిగిలినదే మోటారుకు అందుతుంది.

మూడు వేగాలున్న ఫ్యాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో రెండు చుట్టలున్నాయి. మొదటిది 1.2 ఓమ్‌లు, రెండోది 0.6 ఓమ్. మీట 1 మీద ఉంటే కరెంటు రెండు చుట్టలనూ దాటి వెళ్లాలి. 2 మీద ఉంటే రెండో చుట్టను మాత్రమే దాటాలి. 3 మీద ఉంటే ఏ చుట్టా అడ్డు లేకుండా నేరుగా మోటారుకు చేరుతుంది.

లోపాన్ని పట్టుకునే సూత్రం ఇక్కడే ఉంది. మొదటి చుట్ట తెగితే ఒకటో వేగం మాత్రమే పోతుంది. రెండో చుట్ట తెగితే ఒకటి, రెండు వేగాలు రెండూ పోతాయి. మూడో వేగం మాత్రం ఉంటుంది. అన్ని వేగాలూ పోతే చూడాల్సింది రెసిస్టర్‌ను కాదు. ముందు ఫ్యూజు, తర్వాత మీట, ఎర్త్ తీగ, మోటారు చూడాలి. పనిముట్టు ఏదీ పట్టుకోకుండానే సగం పరీక్ష ఇలా పూర్తవుతుంది.

ఖర్చయిన విద్యుత్తు ఎక్కడికి పోతుంది?

కరెంటు, వోల్టేజీ, నిరోధం మధ్య ఉన్న సంబంధాన్ని జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించాడు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1841లో జేమ్స్ జౌల్ తెలిపాడు. ఈ రెండు సూత్రాలతో మన ఫ్యాన్ లెక్క వేసి చూద్దాం.

తిరుగుతున్న మోటారు 1.2 ఓమ్‌ల నిరోధంలా ప్రవర్తిస్తుందనుకుందాం. వేగాన్ని బట్టి ఇది మారుతుంది కానీ, అంచనాకు ఇది చాలు. ఒకటో వేగంలో మొత్తం నిరోధం 3 ఓమ్‌లు, కరెంటు 4 ఆంపియర్లు. చుట్టల్లో పుట్టే వేడి దాదాపు 29 వాట్లు. మోటారుకు అందేది 19 వాట్లే. రేడియో మెకానిక్ వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంటే డాష్‌బోర్డు వెనుక ఒక సోల్డరింగ్ ఐరన్ నిరంతరం వెలిగి ఉన్నట్టే!

అందుకే ఈ చుట్టలను సాధారణంగా నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ వంటి మిశ్రలోహాలతో చేస్తారు. ఎర్రగా కాలినా నిక్రోమ్ త్వరగా తుప్పు పట్టదు. చుట్టలను గాలి గొట్టంలోనే, ఫ్యాన్ గాలి తగిలే చోట అమరుస్తారు. ఏ ఫ్యాన్ వేగాన్ని అవి తగ్గిస్తున్నాయో ఆ ఫ్యాన్ గాలే వాటిని చల్లబరుస్తుంది.

గాలి ఆగిపోతే?

బేరింగు అరిగి మోటారు బిగుసుకుపోయిందనుకోండి. తిరిగే మోటారు తనలోనే ఒక వ్యతిరేక వోల్టేజీని పుట్టించి కరెంటును అదుపులో ఉంచుతుంది. ఆగిపోయిన మోటారులో అది ఉండదు. దాని నిరోధం 0.4 ఓమ్‌కు పడిపోయిందనుకుంటే, రెండో వేగంలో కరెంటు 12 ఆంపియర్లకు చేరుతుంది. మామూలుగా 27 వాట్ల వేడి పుట్టే చుట్టలో ఇప్పుడు 86 వాట్లు పుడతాయి. చల్లబరచే గాలి మాత్రం లేదు. ముందు అద్దం కింద ఉన్న జాలీలోంచి జారిపడిన ఎండుటాకులు పక్కనే ఉంటే మంట అంటుకోవచ్చు.

మెయిన్ ఫ్యూజు కాపాడదా అంటే, కాపాడదు. అది 20 ఆంపియర్లదైతే 12 ఆంపియర్లు దాని దృష్టిలో మామూలు కరెంటే. ఇలాంటి ప్రమాదాన్ని ఆపడానికే చాలా కార్లలో చుట్టల పక్కన ఉష్ణ ఫ్యూజు పెడతారు. నిర్ణీత వేడి దాటగానే అది తెగిపోతుంది. తక్కువ వేగాలన్నీ ఒకేసారి పోవడానికి తరచుగా కారణం ఇదే.

మరమ్మతు ఎలా?

ముందు ఇంజన్ ఆపి, రెసిస్టర్ చల్లారనివ్వండి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి. రెసిస్టర్ ఎక్కువగా డాష్‌బోర్డు కింద, ఫ్యాన్ పెట్టెకు ఒకటి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, తెగిన చుట్ట, నల్లబడిన కనెక్టరు, పచ్చగా పట్టిన తుప్పు ఉన్నాయేమో చూడండి.

తర్వాత మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టండి. ఇంత తక్కువ నిరోధాన్ని కొలిచేటప్పుడు మీటరు తీగల నిరోధం కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ముందు రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి, కనిపించిన అంకెను తర్వాతి కొలతల నుంచి తీసేయండి. ఒక్కో చుట్టనూ, ఉష్ణ ఫ్యూజునూ విడివిడిగా కొలవండి. మంచి ఫ్యూజు దాదాపు సున్నా చూపిస్తుంది. తెగినది ఏ అంకే చూపదు.

ఉష్ణ ఫ్యూజు ఒక్కటే పోతే, దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత, ఆంపియర్లు ఉన్నదాన్నే తెచ్చి వేయాలి. నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికే కొత్త ఫ్యూజు తెగిపోవచ్చు. నొక్కి బిగించే లోహపు క్లిప్పులు వాడటం మేలు. కనెక్టరు కరిగి ఉంటే దాన్నీ మార్చాలి. వదులు కనెక్షను కూడా ఒక నిరోధమే, అక్కడా వేడి పుడుతుంది.

అసలైన పని ఆ తర్వాత ఉంది. ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడండి. బరువుగా తిరిగినా, గరగరమన్నా మోటారుకు మరమ్మతు కావాలి. గాలి దారిలోని ఆకులు, దుమ్ము తీసేయండి. జాలీ దగ్గర నుంచి వాన నీరు కారుతోందేమో చూడండి. ఇవి చేయకుండా రెసిస్టర్ మాత్రమే మారిస్తే, కొత్తదీ కొన్నాళ్లకు అదే దారి పడుతుంది.

మారుతి 800, అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. పాత కార్లకు విడిభాగాలు దొరకడం కష్టమవుతున్న కొద్దీ, తెగిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ ముక్క చుట్టి పంపేయడం కొన్నిచోట్ల అలవాటుగా మారుతోంది. ఫ్యాన్ అప్పటికప్పుడు తిరుగుతుంది. కానీ ఈసారి మోటారు బిగుసుకుంటే ఆపేవాడు లేడు. సరైన ఫ్యూజు దొరికేదాకా, కాలిన వాసన లేకపోతే, మూడో వేగంతోనే సర్దుకోండి. హోరు ఎక్కువైనా ఆ వేగంలో కరెంటు చుట్టల గుండా వెళ్లదు. కారును షెడ్డులో ఇచ్చినా, పని అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: "ఫ్యూజు ఎందుకు తెగిందో చూశారా?"